పొలం గట్టు మీద ముళ్ల పొద: బలుసా, మంగా, ఇంకేదైనానా?

రవళి_కనిగిరి:
అందరికీ నమస్కారం. మాది కనిగిరి దగ్గర మెట్ట ప్రాంతం. మా పొలానికి పడమటి గట్టు పొడవునా బాగా పాత ముళ్ల పొదలున్నాయి, ఎవరూ నాటినవి కావు. జేసీబీ పెట్టించి గట్టంతా చదును చేయిద్దామని నాన్న అంటున్నారు, ఆ పని జరిగేలోపు అవి ఏం పొదలో తెలుసుకోవాలని నా తాపత్రయం. పొద నా భుజం దాకా ఉంటుంది, కొమ్మలు అడ్డదిడ్డంగా పెరిగి ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి. ఆకులు చిన్నవి, కణుపుల దగ్గర గుత్తుగా వస్తున్నాయి. ముళ్లు జంటజంటగా, తిన్నగా, ఎదురెదురుగా. పూలు మరీ చిన్నవి, లేత పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసినట్టు ఉన్నాయి. పక్క పొలం పెద్దాయనేమో ఇది మంగ అంటారు. మా అమ్మ ఇది బలుసు, ఆకు కోసి పప్పులో వేస్తానంటుంది. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే ఒకసారి కారిస్సా అంది, ఇంకోసారి రాండియా అంది, మరోసారి కాంథియం అంది. తినే విషయం కాకపోతే ఇంత పట్టించుకునేదాన్ని కాదేమో గానీ అమ్మ గిన్నె పట్టుకుని గట్టు మీదకి బయల్దేరేసరికి టెన్షన్ మొదలైంది. ఫొటోలు పెట్టాను, దూరం నుంచి తీసినవే ఎక్కువ. తెలిసినవాళ్లు చెప్పండి.

పొలంగట్టు_పెనుకొండ:
బలుసే అక్కా, అనుమానం లేదు. మా వైపు కంచెల్లో ఎక్కడ చూసినా ఇదే. తొలకరి పడిన తర్వాత లేత చిగురు కోసి వండుతాం, పండ్లు పసుపుపచ్చగా పండితే పిల్లలు తింటారు. మేకలు కూడా బాగా మేస్తాయి. బతికుంటే బలుసాకు తినవచ్చు అని మనవాళ్లు ఊరికే అనలేదు, కరువులో కూడా చేతికందే ఆకు ఇది.

నల్లమల_నడక:
బలుసు అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ ఈ ఫొటోలతో నేనైతే తేల్చి చెప్పను. మన మెట్ట అడవుల్లో ముళ్లుండి, చిన్న ఆకులుండి, గుబురుగా పెరిగే పొదలు చాలా ఉన్నాయి, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. యాప్ తడబడటంలో ఆశ్చర్యం లేదు, అది చూసేది ఆకు ఆకారం, పొద తీరు. ఈ మొక్కల్ని విడదీసే ఆనవాళ్లేమో కణుపు దగ్గరా మొగ్గ లోపలా ఉంటాయి.

రవళి గారూ, ముందు సులువుగా కొట్టిపారేయగలిగినవి కొట్టిపారేద్దాం. ఒక ఆకు తుంచండి. తెల్లటి పాలు కారితే అది కలివి, అంటే వాక్కాయ జాతి, యాప్ చెప్పిన కారిస్సా అదే. బలుసు, మంగ రెండూ కాఫీ కుటుంబంలోవి, ఆ కుటుంబానికీ దీనికీ సంబంధం లేదు. కలివి ముల్లు చాలాసార్లు చివర రెండుగా చీలి ఉంటుంది, అది కూడా చూడండి. ఒక్కో కణుపు దగ్గర రెండు కాక నాలుగు ముళ్లు కనిపిస్తే ఉప్పి చెట్టు అనుకోవచ్చు. ఆకులు ఎదురెదురుగా కాకుండా ఒకటి ఇటు, ఒకటి పైన అటు వస్తే కానరేగు. గుత్తుగా ఉన్న చోట ఈ ఆకుల అమరిక తెలియదు, అందుకని ఈ ఏడు వచ్చిన పొడవాటి కొత్త కొమ్మ పట్టుకుని చూడాలి. అక్కడ అమరిక స్పష్టంగా ఉంటుంది.

ఇవి కాదని తేలితే అప్పుడు కాఫీ కుటుంబంలోకి వెళ్దాం. అందుకు నాకు దగ్గరి ఫొటోలు కావాలి: ఎదురెదురు ఆకుల కాడల మధ్య కాండం, విచ్చుకోని మొగ్గ, విచ్చుకున్న పువ్వు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పండు గానీ ఎండిన కాయ గానీ దొరికితే అడ్డంగా కోసి. అప్పటిదాకా అమ్మగారిని వండొద్దని చెప్పండి.

రవళి_కనిగిరి:
చూసి వచ్చానండీ. పాలు లేవు, ఒక్క చుక్క కూడా రాలేదు. ముళ్లు కణుపుకి రెండే, చీలిక లేదు, పెద్దవి అంగుళం దాకా ఉన్నాయి. ఒక విషయం, ముల్లు సరిగ్గా ఆకు మొదట్లోంచి రావడం లేదు, కాస్త పైనుంచి వస్తోంది. కొత్త కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగానే ఉన్నాయి. మీరు చెప్పినట్టు రెండు ఆకుల కాడల మధ్య చూస్తే చిన్న త్రికోణం లాంటి పొర ఒకటి ఉంది, అటొకటి ఇటొకటి. ఇన్నేళ్లుగా ఈ పొదల పక్కనే తిరుగుతున్నా, అది అక్కడ ఉందనే తెలియదు! పువ్వుకి నాలుగు రేకలు, లోపల గొంతు దగ్గర తెల్లటి నూగు. కాయలు ఈ పొద మీద ఇప్పుడు లేవు. ఫొటోలు మళ్లీ పెట్టాను.

బోటనీ_మాస్టారు:
అమ్మా రవళీ, చాలా చక్కగా చూశావు. ఆ త్రికోణపు పొరే కాఫీ కుటుంబం, అంటే రూబియేసి, చిరునామా. వాటిని వృంతాంతర పత్రపుచ్ఛాలు అంటాం. ఎదురెదురు ఆకులు, అంచు రంపంలా కాకుండా నున్నగా ఉండటం, రెండు కాడల మధ్య ఆ పొర, రేకలన్నీ కింద గొట్టంగా కలిసిపోయి ఉండటం, పువ్వు కింద అండాశయం ఉండటం, ఈ ఐదూ కలిస్తే కళ్లు మూసుకుని రూబియేసి అనవచ్చు. పదమూడు వేలకు పైగా జాతులున్న కుటుంబం ఇది, పూల మొక్కల్లో నాలుగో పెద్దది. అరకులో కాఫీ తోటకి వెళ్లినా, ఇంటి ముందు నూరువరహాల చెట్టుని చూసినా ఇదే అమరిక కనిపిస్తుంది.

ఇక కుటుంబం లోపల. మీ పక్క పొలం పెద్దాయన చెప్పిన మంగ కూడా రూబియేసీయే, దానికీ ముళ్లుంటాయి, దానికీ ఆకులు పొట్టి రెమ్మల మీద గుత్తుగా వస్తాయి. అందుకే ఈ రెండింటినీ జనం కలిపేస్తారు. కానీ పువ్వు దగ్గరకి వచ్చేసరికి పోలికే లేదు. మంగ పువ్వు పెద్దది, మంచి వాసన, తెల్లగా విచ్చుకుని తర్వాత పసుపు రంగుకి తిరుగుతుంది, మామూలుగా ఐదు రేకలు. నువ్వు చూసింది చిన్న పువ్వు, నాలుగు రేకలు.

ఇంకో గట్టి ఆనవాలు మొగ్గలో ఉంది. విచ్చుకోబోయే మొగ్గని చూడు. మంగలో, కాఫీలో, నూరువరహాల్లో రేకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మెలితిరిగి ఉంటాయి. బలుసు మొగ్గలో మెలి ఉండదు, రేకల అంచులు ఒకదానికొకటి తాకి తలుపు రెక్కల్లా మూసుకుని ఉంటాయి. ముళ్లు పొదకి ఎక్కువా తక్కువా కావచ్చు, ముదురు కొమ్మల మీద అసలు లేకపోవచ్చు, ఆకు నీడలో పెద్దదీ ఎండలో చిన్నదీ కావచ్చు. మొగ్గలో రేకల అమరిక అలా మారదు. అందుకే నా విద్యార్థులకి మొగ్గని ముందు చూడండి, ముల్లుని చివర చూడండి అని చెప్పేవాణ్ని.

కుటుంబం లోపల దగ్గరి మొక్కల గుంపుని తెగ అంటాం, బలుసు చేరిన తెగ పేరు వాంగ్వేరియే. ఈ తెగలో ఒక అద్భుతం ఉంది, చెప్పకుండా ఉండలేను. పువ్వు ఇంకా మొగ్గగా ఉన్నప్పుడే కేసరాలు పగిలి పుప్పొడిని కీలం, అంటే అండాశయం మీంచి లేచే సన్నటి కాడ, చివర ఉన్న గుండీ లాంటి భాగం మీద పూసేస్తాయి. పువ్వు విచ్చుకునేసరికి ఆ గుండీ పుప్పొడితో సిద్ధంగా ఉంటుంది. వచ్చిన పురుగు దాన్ని తాకి పుప్పొడి అంటించుకుని పోతుంది. పుప్పొడిని అందుకునే కీలాగ్రం అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చేతి భూతద్దం ఉంటే నువ్వే చూడవచ్చు.

ఇదే తెగలో మెయ్నా అని ఇంకో ముళ్ల మొక్క ఉంది, దాని పువ్వుకి ఐదు రేకలు, కాయ పెద్దది, లోపల గింజలు నాలుగైదు. నీ మొక్క అది కూడా కాదు. నా లెక్కలో ఇది బలుసు, కాంథియం కోరమండెలికం. కాయ దొరికితే ముద్ర వేసేయవచ్చు: బలుసు కాయ కాస్త అదిమినట్టు ఉండి తల దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, లోపల రెండు టెంకలు. మంగకాయ గుండ్రంగా చిన్న జామకాయలా ఉంటుంది, నెత్తిన రక్షక పత్రాల కిరీటం అలాగే మిగిలి ఉంటుంది, కోస్తే గుజ్జులో బోలెడు గింజలు.

సుధీర్_సిద్దిపేట:
మాస్టారూ, నాదో సందేహం. మా డిగ్రీ రికార్డులో బలుసుకి కాంథియం పార్విఫ్లోరం అని రాయించారు. ఆయుర్వేదం మందుల వ్యాసాల్లో కూడా అదే ఉంటుంది. మీరు కోరమండెలికం అంటున్నారు. పాత మద్రాసు పుస్తకంలో చూస్తే ప్లెక్ట్రోనియా అని ఉంది. ఒకే మొక్కకి ఇన్ని పేర్లుంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏది పట్టుకోవాలి?

హెర్బేరియం_హరిత:
ఈ ప్రశ్న నాకు వదిలేయండి మాస్టారూ, నా పనే ఇది. సుధీర్ గారూ, మూడు పేర్లూ ఒక్క మొక్కవే.

1768లో బర్మన్ అనే డచ్ శాస్త్రవేత్త భారత దేశపు మొక్కల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదట మెలైనా కోరమండెలికా అన్నాడు. మెలైనా అంటే గుమ్మడి టేకు ఉన్న ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, లాటిన్ పేరులో మొదటి మాట). ఇప్పుడు చూస్తే ఎక్కడి గుమ్మడి టేకు, ఎక్కడి బలుసు అనిపిస్తుంది గానీ ఆ ప్రజాతిలోనూ ఎదురెదురు ఆకులతో ముళ్లుండే పొద ఒకటి ఉంది, మన తీరపు పొదల అడవుల్లోనే పెరుగుతుంది. పువ్వు విప్పి చూస్తే మాత్రం కుటుంబమే వేరు. తర్వాత 1785లో ఫ్రాన్సులో లామార్క్, పరిణామ సిద్ధాంతం పాఠంలో జిరాఫీ మెడ గురించి చదివామే, ఆయనే, కాంథియం అనే ప్రజాతిని ఏర్పాటు చేసి ఈ మొక్కకి కాంథియం పార్విఫ్లోరం అని పేరు పెట్టాడు. ఆ ప్రజాతి పేరు మలయాళంలో ఈ రకం మొక్కలకున్న పేరు నుంచి వచ్చింది. రాక్స్‌బర్గ్ కూడా కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. ఆయన 1793లో కలకత్తా తోటకి వెళ్లకముందు మన సామర్లకోటలోనే ఉండి మొక్కలు సేకరించాడు, ఆ గ్రంథంలో చాలా మొక్కలకి తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు.

పేర్ల నియమం ప్రకారం ఏ జాతి పేరు ముందు అచ్చయితే దానికే హక్కు. కోరమండెలికా అన్న మాట 1768 నాటిది, పార్విఫ్లోరం 1785 నాటిది. ప్రజాతి తప్పయినా జాతి పేరు చెల్లుతుంది, దాన్ని సరైన ప్రజాతిలోకి తెచ్చుకోవాలి అంతే. ఆ పని 1931లో ఆల్‌స్టన్ శ్రీలంక మొక్కల గ్రంథానికి రాసిన అనుబంధంలో చేశాడు. కాబట్టి ఇప్పుడు సరైన పేరు కాంథియం కోరమండెలికం. పార్విఫ్లోరం అన్నది పర్యాయనామం, అంటే అదే మొక్కకి పక్కన పెట్టిన ఇంకో పేరు. రికార్డులో రాసింది వేరే మొక్క పేరేమీ కాదు, కాకపోతే ఇప్పుడు హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట, రేకు మీద ఆ పేరు రాయం.

ప్లెక్ట్రోనియా సంగతి వేరు. గ్యాంబుల్ 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గ్రంథంలో ఈ భాగం రాసినప్పుడు కాంథియంలన్నిటినీ ప్లెక్ట్రోనియా కిందే వేశాడు, అప్పటికి చాలామంది అలాగే వాడేవారు. కానీ లిన్నేయస్ ఆ పేరు ఏ మొక్కకి పెట్టాడో వెతికితే అది దక్షిణాఫ్రికాలో పెరిగే ఒలీనియా అని తేలింది, రూబియేసీయే కాదు. దాంతో ఆ పేరు మన మొక్కలకి వాడటం మానేశారు. మన జిల్లాల పాత జాబితాలు, అటవీ శాఖ పాత పుస్తకాలు చాలావరకు గ్యాంబుల్‌నే అనుసరించాయి కాబట్టి వాటిలో బలుసు కోసం వెతికితే ప్లెక్ట్రోనియా దగ్గర దొరుకుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే పాత పుస్తకాలన్నీ మళ్లీ పనికొస్తాయి.

తోటమాలి_డల్లాస్:
చదవడానికి బాగుంది హరిత గారూ, కానీ నాకో మాట అనిపిస్తోంది. బలుసు అంటే మన పల్లెలో ముసలమ్మకి కూడా తెలుసు. లాటిన్ పేరు మూడుసార్లు మారింది, బలుసు అన్న పేరు మాత్రం మారలేదు. మన పేరే గట్టిది కదా, దాన్నే వాడుకుంటే సరిపోదా?

బోటనీ_మాస్టారు:
మన పేరు గట్టిదే నాయనా, అందులో వాదన లేదు. బలుసుపాడు, బలుసుతిప్ప అని ఊళ్లే ఉన్నాయి. కానీ ఆ పేరు ఎక్కడ ఆగుతుందో చూడాలి. నల్ల బలుసు అని ఇంకోటి ఉంది, నల్లమలలో, తిరుమల కొండల్లో, తూర్పు కనుమల్లో కనిపిస్తుంది. అది పొద కాదు, చిన్న చెట్టు. ముళ్లు అసలు ఉండవు. ఆకు దళసరిగా, తోలులా, పైన మెరుస్తూ ఉంటుంది. పూలు గుత్తులుగా తెల్లగా, కీలం పువ్వు బయటికి పొడవుగా పొడుచుకొచ్చి ఉంటుంది. పండితే కాయ నల్లబడుతుంది. పేరులో బలుసు ఉంది కదా అని దాని ఆకు కోసుకొచ్చి పప్పులో వేస్తామా?

పాత పుస్తకాల్లో దీన్నీ కాంథియం అనే అన్నారు, కాంథియం డైకాకమ్, కొందరు కాంథియం డిడిమమ్. అంటే ఒకప్పుడు శాస్త్రం కూడా మన పల్లె లాగే రెండింటినీ ఒక గంపలో వేసింది. 1985లో లండన్ క్యూ వృక్షశాస్త్ర తోటలో పనిచేసిన డయాన్ బ్రిడ్సన్ సైడ్రాక్స్ అనే పాత ప్రజాతిని తిరిగి నిలబెట్టారు, నల్ల బలుసు అందులోకి వెళ్లి సైడ్రాక్స్ డైకొకోస్ అయింది. తోలు లాంటి ఆకు, పొడవాటి కీలం, దాని చివర పొడుగాటి గుండీ, ఇవన్నీ చూసి విడదీశారు. మన బలుసుకి ఆ పొడవాటి కీలం లేదు, పైగా ముళ్లున్నాయి.

హెర్బేరియం_హరిత:
ఒక్క మాట కలుపుతాను. 2004లో లాంట్జ్, బ్రెమర్ ఈ తెగ మొత్తాన్ని డీఎన్ఏతోనూ బయటి లక్షణాలతోనూ కలిపి పరిశీలించారు. పాత కాంథియం అన్నది ఒకే తల్లి పిల్లల గుంపు కాదని అందులో స్పష్టంగా తేలింది. ముళ్లున్న అసలు కాంథియంలు ఒకచోట, సైడ్రాక్స్ విడిగా ఇంకోచోట. అంటే బ్రిడ్సన్ చేతి భూతద్దంతో, ఎండిన నమూనాలతో చేసిన విభజనకి డీఎన్ఏ బలం దొరికింది. ఓపికగా పువ్వు కోసి చూసే పని ఎంత విలువైనదో నాకు ఆ వ్యాసం చదివినప్పుడే అర్థమైంది. లాటిన్ పేర్లు మారుతున్నాయని చాలామందికి విసుగు, నాకు మాత్రం పేరు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు మొక్కని ఇంకాస్త దగ్గరగా చూశారని గౌరవం కలుగుతుంది.

వంటిల్లు_శారద:
మీరంతా పేరు తేల్చేలోపు నేను వంట చెప్తాను. బలుసాకు అని ఖాయమైతేనే సుమా. చిగుళ్లూ లేత ఆకులూ మాత్రమే కోయాలి, ముదురాకు పీచుగా ఉంటుంది, వగరు ఎక్కువ. ముళ్ల మధ్య నుంచి కోయాలి కాబట్టి కొమ్మ చివర పట్టుకుని పైకి దూస్తే చేతులు గీసుకుపోతాయి, ఒక్కొక్క గుత్తి గిల్లుకోవడమే మంచిది. బాగా కడిగి సన్నగా తరిగి పెసరపప్పుతో ఉడికించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పోపు పెడితే వగరు బాగా తగ్గుతుంది. చింతపండు వేసి రోట్లో పచ్చడి నూరినా బాగుంటుంది. రవళీ, అమ్మకి తెలిసే ఉంటుంది, ఆవిడ చిన్నప్పటి నుంచి కోసిన పొద అయితే ఆవిడ చెయ్యే నమ్మకం.

నల్లమల_నడక:
శారద గారి మాటకి ఒక జాగ్రత్త చేరుస్తాను, కొత్తగా చదివేవాళ్ల కోసం. బలుసుకీ మంగకీ తేడా తెలియకుండా ఆకు, కాయ నోట్లో పెట్టుకోవద్దు. మంగకాయని ఊళ్లలో చెరువుల్లో చేపలు తేలడానికి దంచి కలుపుతారు. ఆయుర్వేదంలో మదనఫలం అంటే ఇదే, వాంతి చేయించడానికి వాడే మందు. చేప తేలిపోయే కాయ పసిపిల్లలు తింటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫొటో చూసి ఈ గుంపులో ఎవరు అవునన్నా సరే, పువ్వో కాయో చేతిలో పట్టుకుని చూశాకే వంట.

సుధీర్ గారూ, మంగకి కూడా పేర్ల చరిత్ర ఉంది. రాండియా డ్యుమెటోరం అని మీ రికార్డులో ఉండి ఉంటుంది. యాప్ చూపించిన రాండియా అదే. రాండియా అన్న ప్రజాతిని ఇప్పుడు అమెరికా ఖండాల మొక్కలకే ఉంచారు, మనది 1978 నుంచి కాటునారేగం స్పైనోసా.

రవళి_కనిగిరి:
అందరికీ దండాలు, ఇప్పుడు నా దగ్గర కొత్త సంగతి ఉంది. కాయల కోసం గట్టు చివరిదాకా నడిచాను. వేప చెట్టు అవతల ఉన్న పొదలకి కాయలున్నాయి, కానీ అవి రెండు రకాలు! ఒక రకం చిన్నవి, పసుపుపచ్చగా పండినవి, అదిమినట్టు, తల దగ్గర మాస్టారు చెప్పిన నొక్కు ఉంది. కోస్తే రెండు టెంకలు. పండు తియ్యగానే ఉందని అమ్మ అంది, నేను తినలేదు. రెండో రకం గుండ్రటి కాయ, నెత్తిన కిరీటం, లోపల గుజ్జులో చిన్న చిన్న గింజలు చాలా. ఆకు ఈ పొదకి చివర వెడల్పుగా, కాడ వైపు సన్నగా ఉంది. పెద్దాయన చూపించిన పొద ఏదో అడిగితే సరిగ్గా ఆ కిరీటం కాయల పొదే చూపించారు. అంటే అమ్మ చెప్పిందీ నిజమే, ఆయన చెప్పిందీ నిజమే, ఇద్దరూ వేర్వేరు పొదల గురించి చెబుతున్నారు. రెండూ కలిసి కంచెలా పెరిగిపోయాయి, కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి.

పొలంగట్టు_పెనుకొండ:
భలే! ఇది చాలా చోట్ల ఉంటుంది అక్కా, ఒకే కంచెలో రెండూ. ఆకు కోసేటప్పుడు కొమ్మ మొదలుదాకా వెతుక్కుని ఏ పొదదో చూడమనండి. మేం బలుసు పొదకి పాత గుడ్డపీలిక కట్టి పెడతాం, పిల్లలకి తెలియడానికి.

బోటనీ_మాస్టారు:
ఇప్పుడు నాకు పూర్తి తృప్తి. కాయ చూశాక ఇక అనుమానం లేదు: ఒకటి కాంథియం కోరమండెలికం, రెండోది కాటునారేగం స్పైనోసా. ఒకే కుటుంబంలోని రెండు దూరపు తెగలు ఒకే గట్టు మీద ఉన్నాయి. తల్లీ, మీ నాన్నగారితో ఒక మాట చెప్పు. ఆ గట్టు చదును చేస్తే మళ్లీ అలాంటి కంచె పెరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. మెట్ట పొలానికి మట్టి కోసుకుపోకుండా ఆ వేళ్లే పట్టుకుంటాయి, పశువులు దాటవు, తేనెటీగలకి మేత. జేసీబీ వెళ్లడానికి దారి కావాలంటే ఒక పక్క విడిచి మిగతాది ఉంచవచ్చు కదా. నాకు ఆ పొలంతో సంబంధం లేదు, అయినా అడుగుతున్నాను.

హెర్బేరియం_హరిత:
మాస్టారు అన్నదానికి నాది కూడా వంత. రవళి గారూ, వీలైతే రెండు పొదల నుంచీ పువ్వు, కాయ ఉన్న కొమ్మ ఒక్కొక్కటి కోసి పాత వార్తాపత్రిక మడతల మధ్య బరువు పెట్టి ఆరబెట్టండి, రోజూ కాగితం మార్చండి. మారిస్తేనే బూజు పట్టదు. పక్కన చీటీ మీద ఊరు, తేదీ, పొద ఎత్తు, పువ్వు రంగు రాయండి. రంగు ఎందుకంటే ఎండాక పసుపూ తెలుపూ రెండూ గోధుమ రంగుకే తిరుగుతాయి. కాయల్ని విడిగా చిన్న కవర్లో పెట్టండి. పల్లె పేరు చెప్పిన మనిషి ఏ పొదని చూపించి చెప్పారో కూడా రాయండి, పాత నమూనాల మీద నాకు ఎక్కువగా దొరకని సమాచారం అదే. మీకు దగ్గర్లో బోటనీ విభాగం ఉన్న విశ్వవిద్యాలయానికి ఇస్తే తీసుకుంటారు, తిరుపతిలో, అనంతపురంలో మంచి హెర్బేరియంలున్నాయి.

రవళి_కనిగిరి:
తప్పకుండా చేస్తాను. నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ముందు ఏమీ అనలేదు, తర్వాత వేప చెట్టు అవతలి భాగం ఉంచుదామన్నారు. ఇవతల భాగం గురించి ఇంకా మాట్లాడుతున్నాం. ఇంకొక్కటి అడగాలి. ఆ అవతలి భాగంలోనే ముళ్లు లేని పొద ఒకటి ఉంది. ఆకులు పెద్దవి, ఎదురెదురుగా, మధ్యలో అదే త్రికోణపు పొర. పూలు తెల్లగా గుత్తుగా, నాలుగు రేకలు, ఒక్కో పువ్వులోంచి తీగలా పొడవాటి కీలం బయటికి వచ్చి ఉంది. ఇది నల్ల బలుసా?

బోటనీ_మాస్టారు:
మొగ్గ మెలితిరిగి ఉందా చూడు. మెలి ఉంటే నల్ల బలుసు కాదు, ఆ తెగలో మెలి ఉండదు. అప్పుడు పాపిడి గానీ కొరివి గానీ అయి ఉండాలి, రెండింటికీ నాలుగు రేకలే. పాపిడి కీలం రేకల గొట్టం దాటి చాలా దూరం వస్తుంది, కొరివిది కొద్దిగానే. ఇంకో పరీక్ష ఉంది, ఒక ఆకుని సూర్యుడికి ఎదురుగా పట్టుకో. ఆకు అంతటా నల్లటి చుక్కలు చిన్నచిన్నవి చెదురుగా కనిపిస్తే పాపిడి, పావెట్టా ఇండికా. ఆ చుక్కలు మచ్చలు కావు, ఆకు లోపల బాక్టీరియా కాపురం ఉండే బుడిపెలు, వందేళ్లకు పైగా శాస్త్రజ్ఞులు వాటిని చదువుతున్నారు. కొరివి ఆకులో అవి ఉండవు.

రవళి_కనిగిరి:
మొగ్గ మెలితిరిగే ఉంది. ఆకు ఎండకి ఎత్తి పట్టుకుంటే చుక్కలున్నాయి మాస్టారూ, బోలెడు! ఫొటో పెడుతున్నాను, వేలు పెట్టి చూపించిన చోట చూడండి.

హెర్బేరియం_హరిత:
స్పష్టంగా కనిపిస్తున్నాయి. పాపిడే. దీని కొమ్మ కూడా ఒకటి ఆరబెట్టండి రవళి గారూ, చీటీలో చుక్కల సంగతి రాయడం మర్చిపోకండి.